వీఆర్ అనుభవం తయారీకి ఏ ఇంజిన్‌ను ఎంచుకోవాలి: యూనిటీ, అన్‌రియల్, గోడాట్, వెబ్‌ఎక్స్‌ఆర్

వర్చువల్ రియాలిటీ రంగంలోకి కొత్తగా అడుగుపెట్టేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న యూనిటీ నేర్చుకోవాలా, అన్‌రియల్ నేర్చుకోవాలా అన్నదే. ఇవి దృశ్యాన్ని గీయడం, కదలికలను లెక్కించడం వంటి పనులను సిద్ధంగా అందించే సాఫ్ట్‌వేర్లు, అంటే ఇంజిన్లు. నా అభిప్రాయంలో అంతకంటే ముందు తేల్చుకోవలసినవి మూడు ఉన్నాయి. మీరు తయారుచేసేది చివరికి ఏ హెడ్‌సెట్‌లో నడవాలి, దాన్ని తలకు పెట్టుకునేవారు ఎవరు, వారి దగ్గరికి అది ఎలా చేరుతుంది అన్నవి తేలితే ఇంజిన్ ఎంపిక సగానికి పైగా తేలిపోయినట్టే. ఇంజిన్ మీద ఇష్టంతో పని మొదలుపెట్టి, ఆరు నెలలు గడిచాక తమ హెడ్‌సెట్‌లో అది నత్తనడక నడుస్తోందని గ్రహించి, మొత్తం మళ్లీ మొదటికి తెచ్చుకున్న బృందాలను చూశాను కనుకనే ఈ వరుసను ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాటలు గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణను పట్టుకుందాం. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని వీఆర్‌లో చూపించాలని అనుకుందాం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చూసేవారు రంగమండపంలో నిలబడి స్తంభాల మీది చెక్కడాలను దగ్గరగా చూడాలి. చూరు కింద ఏటవాలుగా నిలిపిన మదనిక శిల్పం ముందు ఆగి, దాని వివరాన్ని తెలుగు పలకమీద చదువుకోవాలి. గర్భగుడి మీది విమాన గోపురానికి వాడిన తేలిక ఇటుకను చేతిలోకి తీసుకుని నీళ్ల తొట్టిలో వేస్తే అది మునగకుండా తేలడం చూడాలి. చూడడం, చదవడం, పట్టుకోవడం అనే ఈ మూడు పనులు దాదాపు ప్రతి వీఆర్ అనుభవంలోనూ ఉంటాయి కాబట్టి ఇంజిన్లను కొలవడానికి ఇవి సరిపోతాయి.

ముందుగా లెక్క: 13.9 మిల్లీసెకన్లు

మెటా కంపెనీ క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో ఒక్కో కంటి ముందు 2064×2208 పిక్సెళ్లు ఉంటాయి. రెండు కళ్లకూ కలిపి అవి దాదాపు 91 లక్షలు, అంటే మామూలు ఫుల్ హెచ్‌డీ తెర కంటే నాలుగు రెట్లకు పైగా. ఇంజిన్లు మొదట కొంత తక్కువ పరిమాణంలోనే దృశ్యాన్ని గీస్తాయి, అయినా భారం తక్కువేమీ కాదు. 72 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 72 సార్లు దృశ్యాన్ని గీసేటప్పుడు, ఒక్కో ఫ్రేమ్‌కు (ఒకసారి గీసే చిత్రానికి) దొరికే సమయం 13.9 మిల్లీసెకన్లు, 90 హెర్ట్జ్ దగ్గర 11.1 మిల్లీసెకన్లు మాత్రమే. మామూలు తెర మీద ఒక ఫ్రేమ్ ఆలస్యమైతే చిన్న కుదుపుగా కనబడి పోతుంది. వీఆర్‌లో తల తిప్పినంత వేగంగా దృశ్యం తిరగకపోతే చూసేవారికి కడుపులో తిప్పుతుంది, ఆ వికారం హెడ్‌సెట్ తీసిన తరువాత కూడా కొంతసేపు ఉంటుంది.

పైగా కంప్యూటర్ అవసరం లేకుండా తనంతట తానే నడిచే స్వతంత్ర హెడ్‌సెట్ లోపల ఉన్నది ఫోన్ తరహా చిప్పే. దాని గ్రాఫిక్స్ భాగం దృశ్యాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి గీస్తుంది కనుక అంచుల నునుపు కోసం వాడే నాలుగు రెట్ల ఎంఎస్ఏఏ చౌకగా దొరుకుతుంది, కానీ వెలుగు చుట్టూ కాంతి పరుచుకున్నట్టు చూపే బ్లూమ్ వంటి తెరంతటి ఎఫెక్టులు చాలా ఖరీదుగా పడతాయి. గేమింగ్ కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపిన హెడ్‌సెట్‌కు ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. ఇంజిన్ల మధ్య అసలు తేడాలు బయటపడేది ఈ రెండు పరిస్థితుల మధ్యనే.

యూనిటీ

2005లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ నుంచి మాక్ కంప్యూటర్ల కోసం వచ్చిన యూనిటీ, ఫోన్ గేముల కాలంలో విస్తరించి, అదే బలంతో స్వతంత్ర హెడ్‌సెట్లలోనూ స్థిరపడింది. పేరున్న వీఆర్ గేమ్ బీట్ సేబర్ దీనితో చేసినదే. తక్కువ శక్తి గల చిప్‌ మీద పొదుపుగా నడవడం ఈ ఇంజిన్‌కు మొదటి నుంచీ అలవాటు. జావా చదువుకుని వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థికి ఇందులో వాడే సీ షార్ప్ భాష కొత్తగా అనిపించదు.

మన ఇటుకనే తీసుకోండి. ఇటుక మోడల్‌కు తాకే హద్దులను తెలిపే ఒక కొలైడర్, బరువునూ కదలికనూ ఇచ్చే ఒక రిజిడ్‌బాడీ, యూనిటీ ఇచ్చే ఎక్స్‌ఆర్ ఇంటరాక్షన్ టూల్‌కిట్‌లోని గ్రాబ్ ఇంటరాక్టబుల్ అనే భాగం తగిలిస్తే కంట్రోలర్‌తో దాన్ని పట్టుకోవచ్చు, విసరవచ్చు. నీటిలో తేలడానికి మాత్రం చిన్న స్క్రిప్ట్ రాయాలి: ఇటుక నీటిమట్టం కంటే ఎంత లోతుకు దిగిందో చూసి, దానికి తగినంత బలాన్ని పైకి ఇవ్వాలి. ఇటుకను వదిలిన చోట అది ఒకసారి మునిగి, పైకి తేలి, రెండు మూడు సార్లు ఊగి నిలబడేలా నిరోధాన్ని సరిచూసుకోవడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఆ మధ్యాహ్నాన్ని ఆదా చేసుకోకండి, చూసేవారికి చివరికి గుర్తుండేది ఆ ఊగిసలాటే.

శిల్పాల దగ్గర ఎక్కువ శ్రమ పడాలి. ఫొటోల నుంచి తయారుచేసిన ఒక మదనిక మోడల్‌లో దాని ఉపరితలాన్ని ఏర్పరిచే త్రిభుజాలు సులువుగా పది లక్షలకు పైగా తేలుతాయి. స్వతంత్ర హెడ్‌సెట్‌లో దృశ్యం మొత్తానికి సుమారు పది లక్షలు దాటకుండా చూసుకోవడమే క్షేమం. కనుక బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఆ శిల్పాన్ని ఇరవై ముప్పై వేల త్రిభుజాలకు కుదించి, ఆ కుదింపులో పోయిన నగల నగిషీని, వేళ్ల మధ్య సందులను నార్మల్ మ్యాప్‌గా, అంటే లోతు ఉన్నట్టు భ్రమ కలిగించే బొమ్మగా, బేక్ చేయాలి (ముందే లెక్కించి నిలవ చేయాలి). మండపంలో వెలుగు కదలదు కాబట్టి నీడలను కూడా ముందే లైట్‌మ్యాప్‌లో బేక్ చేయవచ్చు. ఇంత చేస్తే యూనిటీలో 72 ఫ్రేములు నిలకడగా రావడం కష్టమేమీ కాదు.

యూనిటీలో కొత్తవారిని తికమకపెట్టేది దారులు ఎక్కువగా ఉండడం. దృశ్యాన్ని గీసే రెండరింగ్‌కు మూడు పద్ధతులు, చేతులకూ కంట్రోలర్లకూ యూనిటీ సొంత టూల్‌కిట్ ఒకటి, హెడ్‌సెట్ కంపెనీ ఇచ్చేది మరొకటి, పైగా పాత వెర్షన్ల కోసం చేసిన పాఠాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. నా సలహా ఒకే దారి పట్టుకోమని: దీర్ఘకాలిక మద్దతు ఉన్న యూనిటీ 6, యూనివర్సల్ రెండర్ పైప్‌లైన్, చాలా హెడ్‌సెట్లకు ఉమ్మడి ప్రమాణమైన ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్లగిన్, ఎక్స్‌ఆర్ ఇంటరాక్షన్ టూల్‌కిట్. పని మధ్యలో వెర్షన్ మార్చవద్దు. సీ షార్ప్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది: ప్రతి ఫ్రేమ్‌లోనూ కొత్త వస్తువులను మెమరీలో సృష్టించే కోడ్ రాస్తే, వాటిని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ మధ్య మధ్య ఫ్రేములను మింగుతుంది. ల్యాప్‌టాప్‌లో కనబడని ఈ లోపం హెడ్‌సెట్‌లో వెంటనే తెలుస్తుంది.

అన్‌రియల్

1998లో అదే పేరుతో వచ్చిన గేమ్‌తో పాటు పుట్టిన అన్‌రియల్ ఇంజిన్, 2022 ఏప్రిల్‌లో ఐదో తరానికి చేరింది. లక్షల త్రిభుజాలను దూరాన్ని బట్టి తానే సర్దుకునే నానైట్, కాంతి పరావర్తనాలను అప్పటికప్పుడు లెక్కించే లుమెన్ దాని ప్రధాన ఆకర్షణలు. మ్యూజియం హాలులో మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌ను పెట్టి, కేబుల్‌తో హెడ్‌సెట్‌ను కలిపి రామప్ప గుడిని చూపించబోతున్నట్టయితే నేను అన్‌రియల్‌నే ఎంచుకుంటాను. ఆ పది లక్షల త్రిభుజాల మదనికను కుదించకుండానే ముందు నిలబెట్టవచ్చు. సందర్శకుడు ముఖాన్ని శిల్పానికి దగ్గరగా తెచ్చినా ఉలి గీత చెదరకుండా కనిపించడం చిన్న విషయం కాదు.

స్వతంత్ర హెడ్‌సెట్‌కు వచ్చేసరికి ఈ చిత్రం మారిపోతుంది. క్వెస్ట్ తరహా పరికరంలో నానైట్ గానీ లుమెన్ గానీ పనిచేయవు. మళ్లీ మోడళ్లను కుదించాలి, నీడలను బేక్ చేయాలి. ఏ గొప్పతనం చూసి అన్‌రియల్‌ను ఎంచుకున్నారో అది లేకుండానే దాని బరువును మోయవలసి వస్తుంది. కంప్యూటర్ వీఆర్‌లో కూడా ఒక మెలిక ఉంది. హెడ్‌సెట్‌లో అంచులు స్పష్టంగా కనిపించాలంటే చాలామంది ఫార్వర్డ్ షేడింగ్ అనే రెండరింగ్ పద్ధతిని ఎంచుకుంటారు, కానీ ఆ పద్ధతిలో లుమెన్ దొరకదు. లుమెన్ కోసం మామూలు పద్ధతిలోనే ఉంటే ఫ్రేములను కలిపి నునుపు చేసే ప్రక్రియ వల్ల దృశ్యం కొంచెం మసకబారుతుంది. ప్రచార వీడియోల్లో ఈ రాజీ కనబడదు కాబట్టి హెడ్‌సెట్ పెట్టుకుని రెండూ చూసిన తరువాతే నిర్ణయించుకోండి.

అన్‌రియల్‌లో నాకు మనస్ఫూర్తిగా నచ్చేది బ్లూప్రింట్. డబ్బాలను గీతలతో కలుపుతూ తర్కాన్ని నిర్మించే ఈ పద్ధతిలో కోడ్ రాయని చిత్రకారులు, ఆర్కిటెక్టులు, సినిమా గ్రాఫిక్స్ నుంచి వచ్చినవారు తమ పని తామే చేసుకోగలుగుతారు. ఇంజిన్‌తో వచ్చే వీఆర్ టెంప్లేట్‌ను తెరిస్తే టెలిపోర్ట్ (చూపిన చోటికి ఒక్కసారిగా చేరడం), వస్తువులను పట్టుకోవడం మొదటి రోజే సిద్ధంగా ఉంటాయి. లోతైన పనికి మాత్రం సీ ప్లస్ ప్లస్ తప్పదు. పదుల జీబీల ఇన్‌స్టాలేషన్, రంగునూ వెలుగునూ లెక్కించే షేడర్లు కంపైల్ అయ్యేదాకా ఎదురుచూపు సాధారణ విద్యార్థి ల్యాప్‌టాప్‌కు భారమే అవుతాయి.

తెలుగు అక్షరం దగ్గర అసలు పరీక్ష

ఇంగ్లిష్‌లో వచ్చే పోలికల్లో ఈ అంశం సాధారణంగా కనిపించదు, మనకు మాత్రం ఇది చాలా పెద్దది. మదనిక పక్కన పలకమీద రామప్ప గుడికి మరో పేరైన "శ్రీ రుద్రేశ్వరాలయం" అని రాయాలి. కంప్యూటర్ మెమరీలో "శ్రీ" అన్నది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాలుగా ఉంటుంది. వాటిని చూసి, గుడిదీర్ఘాన్ని శ మీదికి చేర్చి, ర వత్తును కిందికి దించి ఒకే అక్షరంగా కూర్చే పనిని షేపింగ్ అంటారు. షేపింగ్ చేయని ఇంజిన్‌లో శ పక్కన పొల్లు విడిగా నిలబడి, గుడిదీర్ఘం ర మీద కూర్చుని, పదం ముక్కలై కనబడుతుంది. "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" వంటి మాటలు చదవడానికే వీల్లేకుండా పోతాయి.

యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ఈ షేపింగ్ చేయదు. తెలుగు ఫాంట్‌ను ఎంత బాగా ఎక్కించినా వత్తులు విడిపోతాయి. యూఐ టూల్‌కిట్‌లోకి వచ్చిన అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ జనరేటర్ ఈ లోటును తీర్చడానికి ఉద్దేశించినదే, కానీ మీరు ఎంచుకున్న వెర్షన్‌లో, మీ త్రీడీ దృశ్యం లోపల అది సరిగా నడుస్తుందో లేదో మొదటి వారంలోనే చూసుకోవాలి. పలకలు కొద్దిగానే ఉంటే ఇంక్‌స్కేప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వాక్యాన్ని పేర్చి, బొమ్మగా మార్చి, టెక్స్చర్‌గా (మోడల్ మీది పూతగా) అతికించడం నమ్మకమైన దారి. పాఠ్యం తరచూ మారే శిక్షణ యాప్‌లకు ఈ ఉపాయం సరిపోదు.

అన్‌రియల్ బటన్లు, పాఠ్యం చూపే తన యూఎంజీ విడ్జెట్లలో హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ లైబ్రరీని (సిద్ధంగా దొరికే కోడ్‌ను) వాడుతుంది కనుక విడ్జెట్‌ను దృశ్యంలో పలకగా నిలబెడితే తెలుగు సరిగా వస్తుంది. పాత టెక్స్ట్ రెండర్ భాగాన్ని మాత్రం తెలుగుకు వాడకండి. గోడాట్ ఈ విషయంలో అందరికంటే సుఖంగా ఉంటుంది: నాలుగో తరం నుంచి హార్ఫ్‌బజ్ ఇంజిన్‌లోనే భాగం కావడం వల్ల దృశ్యంలో నేరుగా పెట్టే త్రీడీ లేబుల్‌లో కూడా వత్తులు చోటు తప్పవు. వెబ్ దారిలో, వీఆర్ దృశ్యాలు కట్టే ఏ–ఫ్రేమ్ లైబ్రరీ సొంత టెక్స్ట్ తెలుగును కూర్చలేదు, కానీ బ్రౌజర్ కాన్వాస్‌కు ఆ పని బాగా తెలుసు. కాన్వాస్ మీద తెలుగు రాయించి దాన్నే టెక్స్చర్‌గా వాడుకుంటే సమస్య తీరుతుంది.

అక్షరం ఎంత పెద్దగా ఉండాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. క్వెస్ట్ 3లో చూపు కోణంలో ఒక డిగ్రీకి సుమారు 25 పిక్సెళ్లు దొరుకుతాయి, రెండు మీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే మూడున్నర సెంటీమీటర్లు. ఆ 25 పిక్సెళ్లలో ఇంగ్లిష్ అక్షరం హాయిగా ఇముడుతుంది. పైన గుడి, కింద రెండు వత్తులు ఉన్న తెలుగు అక్షరం ఇమడదు. రెండు మీటర్ల దూరంలోని పలకకు వత్తుతో కలిపి ఐదారు సెంటీమీటర్ల ఎత్తు, వరుసల మధ్య ధారాళమైన ఎడం ఇవ్వడం నేను పాటించే పద్ధతి.

గోడాట్

అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెత్స్‌కీ, ఆరియల్ మంజూర్ తయారుచేసిన గోడాట్ 2014లో ఉచితంగా వాడుకుని మార్చుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ కింద అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2023 మార్చిలో వచ్చిన 4.0 వెర్షన్‌తో ఓపెన్‌ఎక్స్‌ఆర్ మద్దతు ఇంజిన్‌లోనే చేరింది. ఎడిటర్ చాలా చిన్నది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా తెరుచుకుంటుంది. దాని భాష జీడీస్క్రిప్ట్ చూడడానికి పైథాన్‌లా ఉంటుంది. పల్లెటూరి కళాశాలలో తక్కువ యంత్రాలతో వీఆర్ నేర్పాలనుకునే అధ్యాపకునికి ఇంతకంటే మంచి ఎంపిక నాకు కనిపించడం లేదు.

అయితే సిద్ధంగా దొరికే సామగ్రి తక్కువ. చేతుల కదలికలు, టెలిపోర్ట్ వంటివాటికి గోడాట్ వాడేవారే కలిసి నిర్వహించే ఎక్స్‌ఆర్ టూల్స్ బాగుంటాయి, క్వెస్ట్‌లో నడపడానికి వెండర్స్ ప్లగిన్ వేరుగా చేర్చుకోవాలి, స్వతంత్ర హెడ్‌సెట్లకు కంపాటిబిలిటీ రెండరర్‌తో మొదలుపెట్టడం మంచిది. లోపం ఎదురైతే వెతికి సరిదిద్దుకునే ఓపిక బృందంలో ఒక్కరికైనా ఉండాలి. గడువు తేదీ ఉన్న వ్యాపార ఒప్పందానికి దీన్ని మొదటిసారి వాడమని చెప్పను.

వెబ్‌ఎక్స్‌ఆర్

వెబ్‌ఎక్స్‌ఆర్ అంటే బ్రౌజర్‌లోనే వీఆర్‌ను నడిపే ప్రమాణం. దానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీలు త్రీ.జేఎస్, బాబిలాన్.జేఎస్, 2015లో మొజిల్లా నుంచి వచ్చిన ఏ–ఫ్రేమ్ పూర్తి గేమ్ ఇంజిన్లు కావు. కానీ లింకు పంపితే చాలు, చూసేవారు హెడ్‌సెట్‌లోని బ్రౌజర్‌లో తెరిచి బటన్ నొక్కగానే లోపలికి వెళతారు. స్టోర్ అనుమతి, ఇన్‌స్టాలేషన్ ఏవీ అక్కరలేదు. అమెరికాలో ఉన్న మనవడు వాట్సాప్‌లో వచ్చిన లింకుతో రామప్ప మండపంలో నిలబడగలగడం ఈ దారికే సాధ్యం. వెబ్ పేజీ రాయడం తెలిసిన విద్యార్థి ఏ–ఫ్రేమ్‌తో ఒక్క రోజులో స్తంభాలు నిలబెట్టగలడు.

పరిమితులు కూడా గట్టివే. జావాస్క్రిప్ట్ వల్ల లెక్కల భారం త్వరగా తెలుస్తుంది, మోడళ్లు నెట్ ద్వారా దిగాలి కనుక త్రీడీ మోడళ్లుండే జీఎల్‌టీఎఫ్ ఫైళ్లను బాగా కుదించాలి, సైటు తప్పనిసరిగా హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో, ఫోన్‌ను లోపల పెట్టి చూసే అట్టపెట్టె కార్డ్‌బోర్డ్‌తో వెబ్‌ఎక్స్‌ఆర్ నడుస్తుంది, అందులో తల తిప్పడమే ఉంటుంది, ముందుకు వంగి చూడడం ఉండదు. ఐఫోన్ సఫారీలో వెబ్‌ఎక్స్‌ఆర్ లేదు. తరగతి గదిలో అందరి ఫోన్లలో చూపించాలనుకుంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

డబ్బు, షరతులు

యూనిటీ పర్సనల్ ఉచితం, గడిచిన పన్నెండు నెలల ఆదాయం, నిధులు కలిపి 2 లక్షల డాలర్లు దాటితే చెల్లింపు ప్లాన్ తీసుకోవాలి. 2023 సెప్టెంబరులో ఇన్‌స్టాలేషన్ల లెక్కన రుసుము వసూలు చేస్తామని యూనిటీ ప్రకటించింది, తీవ్ర వ్యతిరేకత తరువాత 2024 సెప్టెంబరులో దాన్ని పూర్తిగా రద్దు చేసింది. రద్దయినా ఆ సంఘటనను మరచిపోకూడదు, షరతులు మన చేతిలో లేవన్న సంగతిని అది చూపింది. అన్‌రియల్ ఒక గేమ్ మొత్తం ఆదాయం 10 లక్షల డాలర్లు దాటిన తరువాత, దాటిన మొత్తం మీద 5 శాతం రాయల్టీ తీసుకుంటుంది. గేములు కాని పనులు చేసే కంపెనీల వార్షిక ఆదాయం 10 లక్షల డాలర్లు దాటితే 2024 నుంచి ఒక్కో సీటుకు (వాడే ఒక్కో వ్యక్తికి) ఏడాదికి 1850 డాలర్లు చెల్లించాలి. గోడాట్‌కూ వెబ్ లైబ్రరీలకూ రుసుము లేదు. మన చిన్న బృందాల్లో చాలావాటికి ఈ పరిమితులు అందనంత దూరంలో ఉంటాయి కనుక ధర కారణంగా ఎంపిక మార్చుకోవలసిన అవసరం అరుదుగానే వస్తుంది.

ఇతర హెడ్‌సెట్ల గురించి క్లుప్తంగా: ప్లేస్టేషన్ వీఆర్ 2 లక్ష్యమైతే సోనీ దగ్గర డెవలపర్‌గా నమోదై యూనిటీ లేదా అన్‌రియల్‌తో వెళ్లడమే నేరుగా ఉన్న దారి. ఆపిల్ విజన్ ప్రోకు యూనిటీతో చేయాలంటే ప్రో స్థాయి ప్లాన్ కావాలి. మిగిలిన చాలా హెడ్‌సెట్లకు కంపెనీల కూటమి అయిన క్రోనోస్ గ్రూప్ 2019 జూలైలో విడుదల చేసిన ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్రమాణం ఉంది. ఏ ఇంజిన్ తీసుకున్నా వీలైనంతవరకు దాని మీదే ఆధారపడండి, రేపు హెడ్‌సెట్ మారినా ఇటుకను పట్టుకునే కోడ్ మిగులుతుంది.

నిర్ణయానికి ఒక వారం

స్వతంత్ర హెడ్‌సెట్, ఇద్దరు ముగ్గురి బృందం, ఆరు నెలల గడువు అంటే నేను యూనిటీ అంటాను. స్థిరంగా ఒకచోట ఉండే ప్రదర్శన, బలమైన కంప్యూటర్, చిత్రకారులు ఎక్కువగా ఉన్న బృందం అయితే అన్‌రియల్. నేర్చుకోవడం, నేర్పడం, తెలుగు పాఠ్యం ఎక్కువగా ఉన్న పని అయితే గోడాట్. ఎక్కువమందికి చేరడమే ముఖ్యమై, దృశ్యం తేలికగా ఉంటే వెబ్. ఇంకా సందేహం ఉంటే రెండు ఇంజిన్లను ఎంచుకుని ఒక్కోదానికి మూడేసి రోజులు ఇవ్వండి. నాలుగు స్తంభాలు, ఒక మదనిక, ఒక ఇటుక, "శ్రీ రుద్రేశ్వరాలయం" అని రాసిన ఒక పలక, ఇవి చాలు. ఎడిటర్‌లో చూసి మురిసిపోకుండా మొదటి రోజు సాయంత్రానికే హెడ్‌సెట్‌లోకి బిల్డ్ (నడిచే యాప్) ఎక్కించండి. ఫ్రేమ్ సమయం ఎంత వస్తోంది, చిన్న మార్పు చేసి మళ్లీ హెడ్‌సెట్‌లో చూడడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది అన్న రెండు అంకెలు రాసుకోండి. ఏడో రోజున రెండు బిల్డ్‌లనూ వీఆర్ ఎప్పుడూ చూడని ఇంటి పెద్దవారెవరికైనా పెట్టి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడండి. వారు పలకను గడగడా చదువుతున్నారా, కంట్రోలర్ వదిలేసి చేత్తోనే ఇటుకను అందుకోబోతున్నారా, ఎంతసేపటికి హెడ్‌సెట్ తీసేయమంటున్నారు అన్నవి కూడా ఆ రెండు అంకెల పక్కనే రాసుకోండి.